రాజుకు వ్రాసిన హద్దు

(రేడియో ప్రసంగ పాఠము)

 గాజువాక, పెదగంట్యాడ, అగనంపూడి, దువ్వాడ, వడ్లపూడి ప్రాంతాలలో ఇంటిల్లిపాదీ కూర్చుని వింటున్న కుటుంబాలకు, సి షిఫ్టు దిగి వచ్చి నిద్ర మానుకొని వింటున్న సహోదరులకు కూడా శుభములు కలుగును గాక.

ఈ దినము మనము ధ్యానించబోయే సంగతి రాజుల అధికారము, ఆ అధికారమునకు దేవుడు పెట్టిన హద్దు. "రాజులెక్కడున్నారండీ, వాళ్ళ కాలం ఎప్పుడో పోయింది కదా" అని మీరు అనవచ్చు. నిజమే. విజయనగరం కోట, బొబ్బిలి కోట ఇప్పుడు పిల్లలను తీసుకువెళ్ళి చూపించే స్థలాలు. అయితే రాజు చేసే పనులు ఉన్నాయే, భూమి తీసుకోవడం, పన్ను వేయడం, మనిషిని చెరసాలలో పెట్టడం, అవి ఎక్కడికీ పోలేదు. ఆ పనులు చేసే చేతులు మారాయి, అంతే. కాబట్టి ఈ వాక్యభాగము మనకు సంబంధించినదే.

మీ దగ్గర బైబిలు ఉంటే ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయము తెరవండి. 14వ వచనము నుండి 20వ వచనము వరకు చూడండి. ఈ మాటలు చెప్పేనాటికి ఇశ్రాయేలీయులకు రాజు లేడు. వారింకా యొర్దాను దాటలేదు. సింహాసనము లేదు, కిరీటము లేదు, రాజధాని లేదు. కాని రాజు ఏమి చేయకూడదో అప్పటికే వ్రాసి ఉంది. చుట్టుప్రక్కల దేశాలన్నిటిలో ముందు రాజు వచ్చాడు, ఆ రాజు నోటి నుండి చట్టము వచ్చింది. ఇక్కడ చట్టము వచ్చి కూర్చుని రాజు కోసం కనిపెట్టుకొని ఉంది.

ఏమిటా ఆజ్ఞలు? గుఱ్ఱములను విస్తారముగా సంపాదించుకోకూడదు. అనేక స్త్రీలను వివాహము చేసుకోకూడదు. వెండి బంగారములను మితిమీరి కూడబెట్టుకోకూడదు. పైపైన చదివితే ఇవి ఒక మనిషి వ్యక్తిగత అలవాట్లలాగా కనిపిస్తాయి. ఆ కాలములో గుఱ్ఱము అంటే రథము, రథము అంటే సైన్యము. రాజు పెండ్లి అంటే పొరుగు రాజుతో ఒప్పందము. వెండి బంగారములు ఖజానా, అంటే ప్రజల మీద వేసిన పన్ను. సైన్యము, పొత్తులు, ఖజానా. ఏ రాజుకైనా బలము ఈ మూడింటిలోనే ఉంటుంది. దేవుడు సరిగ్గా ఆ మూడింటి మీదే చెయ్యి వేశాడు.

ఆ తరువాత వచ్చే ఆజ్ఞ నాకు మరీ ఆశ్చర్యము కలిగిస్తుంది. రాజు సింహాసనము మీద కూర్చున్న తరువాత, యాజకుల దగ్గర ఉన్న గ్రంథమును చూచి ఈ ధర్మశాస్త్రమునకు ఒక ప్రతి తనకొరకు వ్రాసుకోవాలి. ఆస్థానములో లేఖికులు లేరా? ఉన్నారు. కాని తానే వ్రాసుకోవాలని ఆజ్ఞ. అచ్చు యంత్రము లేని రోజులు. తోలు చుట్ట పరచుకొని, సిరాలో కలము ముంచి, ఒక్కొక్క అక్షరమే దిద్దుతూ రాజు కూర్చున్నాడని ఊహించుకోండి. ఎన్ని దినాలు పట్టిందో! తన అధికారమునకున్న హద్దు తన చేతివ్రాతలోనే తన దగ్గర ఉండాలి. తాను బ్రతికిన దినములన్నీ దానిని చదువుకోవాలి. ఎందుకు? అతని హృదయము తన సహోదరుల మీద గర్వించకుండునట్లు. గమనించారా, ఆ చోట "ప్రజలు" అనే మాట లేదు, "సేవకులు" అనే మాట లేదు. సహోదరులు. కిరీటము పెట్టుకున్నవాడు కూడా వారిలో ఒకడే.

సొలొమోను ఆ మూడింటినీ మీరాడు. 1400 రథములు, ఐగుప్తు నుండి గుఱ్ఱములు, 700 మంది భార్యలు, యెరూషలేములో వెండికి రాళ్ళపాటి విలువ. మొదటి రాజులు గ్రంథము 10, 11 అధ్యాయాలు ఇంటి దగ్గర తీరికగా చదువుకోండి. ఆయన కొడుకు కాలములోనే రాజ్యము రెండు ముక్కలైంది.

ఇక్కడ మన తెలుగు నేల మీద జరిగిన ఒక సంగతి చెప్పాలి. చీరాలకు దగ్గరలో సముద్రపు ఒడ్డున మోటుపల్లి అనే ఊరుంది. ఒకప్పుడు అది పెద్ద ఓడరేవు. అక్కడి వీరభద్రాలయములో ఒక రాతి స్తంభము మీద కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతములో వేయించిన శాసనము ఉంది. అభయ శాసనము అంటారు. గుడిలోని స్తంభము గురించి క్రైస్తవ ప్రసంగములో ఎందుకని ఎవరైనా అనుకుంటారేమో. ఏథెన్సులో పౌలుగారు బలిపీఠము మీద వ్రాసి ఉన్న మాటను చదివి దానితోనే ప్రసంగము మొదలుపెట్టాడు కదా.

ఆ శాసనములో ఉన్న సంగతి ఇది. అంతకు ముందున్న రాజులు, తుపానుకు ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొని వస్తే, వాటిలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు అన్నీ బలవంతముగా తీసేసుకునేవారు. అది రాజు హక్కు అనుకునేవారు. పోర్టు ప్రక్కన బ్రతికే మనకు దీని బాధ ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. సముద్రములో సగము పోగొట్టుకొని ప్రాణము దక్కించుకొని ఒడ్డుకు చేరిన వర్తకుడి దగ్గర మిగిలిన సగము రాజభటులు పట్టుకుపోతారు! గణపతిదేవుడు, ప్రాణము కంటె ధనమే గొప్పదని ఎంచి సముద్రము మీదికి తెగించి వచ్చేవారి మీద దయతో, నిర్ణయించిన సుంకము తప్ప మిగతాదంతా మేము విడిచిపెడుతున్నామని వ్రాయించాడు. ఆ సుంకము ముప్పయింట ఒక వంతు. రాజు తన చేతికి తానే హద్దు గీసుకొని, ఆ హద్దును రాతి మీద చెక్కించి, వచ్చేపోయే పరదేశులు చదువుకొనేలా నిలబెట్టాడు. ఇది చిన్న సంగతి కాదు. మెలితే ద్వీపములో ఓడ పగిలి తడిసి వణుకుతూ ఒడ్డెక్కిన పౌలుకు, ఆయనతో ఉన్నవారికి ఆ ద్వీపవాసులు నిప్పు రాజేసి చూపిన దయ నాకు జ్ఞాపకము వస్తుంది.

గణపతిదేవుడు రాజ్యమునకు వచ్చిన 1199లోనే ఇంగ్లాండులో జాన్ అనే రాజు పట్టాభిషిక్తుడయ్యాడు. ఆయన కూడా ఒక పత్రము మీద ముద్ర వేశాడు. 1215 జూన్ 15న థేమ్సు నది ఒడ్డున రన్నీమీడ్ అనే చోట, ఆయుధాలతో తిరగబడిన ప్రభువులు ఎదుట నిలబడి ఉండగా వేశాడు. దానికే మాగ్నా కార్టా అని పేరు. న్యాయవిచారణ లేకుండా స్వతంత్రుడైన మనిషిని చెరలో పెట్టకూడదనీ, అతని ఆస్తి తీసుకోకూడదనీ అందులో ఉంది. అయితే మూడు నెలలైనా తిరగకముందే, ఆగస్టులో, అది చెల్లదని పోపుగారి చేత ప్రకటన తెప్పించుకున్నాడు ఆ రాజు. కత్తికి భయపడి ఒప్పుకున్నది కత్తి దూరమవ్వగానే కాదన్నాడు.

మరి మోటుపల్లి శాసనము సంగతి? దయతో ఇచ్చినది దయ ఉన్నంతకాలమే నిలుస్తుంది. నూరేళ్ళు దాటాక, 1358లో, రెడ్డిరాజులలో అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్ళీ అభయమిస్తూ మరొక శాసనము వేయించవలసి వచ్చింది. ఒక రాజు ఇచ్చిన మాట ఇంకొక రాజును కట్టివేయదు మరి. ద్వితీయోపదేశకాండములోని ఆజ్ఞను ఇశ్రాయేలు రాజులలో ఎవరూ ఇవ్వలేదు. అందుచేత దానిని రద్దు చేసే అధికారము కూడా వారిలో ఎవరికీ లేదు. వ్రాసుకోవలసినది, చదువుకోవలసినది, లోబడవలసినది మాత్రమే.

ఇంత గొప్ప హద్దు ఉండి కూడా ఒక రైతు తోట పోయింది, ప్రాణము పోయింది. మొదటి రాజులు గ్రంథము 21వ అధ్యాయమునకు రండి.

నాబోతు అనే యెజ్రెయేలీయునికి ఒక ద్రాక్షతోట ఉంది. అది ఆహాబు రాజు నగరును ఆనుకొని ఉంది. రాజుకు అక్కడ కూరతోట వేసుకోవాలని కోరిక పుట్టింది. ఆహాబు అడిగిన తీరు చూడండి, అన్యాయముగా ఏమీ లేదు. దీనికంటె మంచి తోట ఇస్తాను, లేదా క్రయము ఇస్తాను అన్నాడు. ఈ రోజుల్లో అయితే మంచి బేరమే అంటాము. నాబోతు ఒప్పుకోలేదు. మొండితనము వల్ల కాదు. భూమి నాది అని దేవుడు లేవీయకాండము 25వ అధ్యాయము 23వ వచనములో చెప్పాడు. పితరుల స్వాస్థ్యమును శాశ్వతముగా అమ్ముకోకూడదు. నాబోతు తోట నాబోతుది మాత్రమే అయితే అమ్మేవాడేమో. అది తండ్రులది, పుట్టబోయే బిడ్డలది, అన్నిటికి మించి దేవునిది.

అప్పుడు ఆహాబు ఏం చేశాడు? ఇంటికి వెళ్ళి, మంచము మీద పడుకొని, ముఖము అవతలికి త్రిప్పుకొని, అన్నము తినకుండా అలిగాడు. మనకు నవ్వు వస్తుంది. కాని ఆలోచించండి. ఐగుప్తు రాజైనా, అష్షూరు రాజైనా ఒక రైతు కాదంటే అలుగుతాడా? భటులను పంపుతాడు. ఆహాబు బయలుకు గుడి కట్టించినవాడు, ఇశ్రాయేలు రాజులందరిలో మహా దుష్టుడని పేరు పడినవాడు. అటువంటివాడు కూడా కాదన్న రైతును ముట్టుకోలేక మంచమెక్కాడంటే, ఆ హద్దు ఎంత లోతుగా పాతి ఉందో చూడండి.

యెజెబెలుకు అది అర్థము కాలేదు. ఆమె సీదోను రాజు కుమార్తె. నీవు రాజ్యమేలుచున్నవాడవు కావా అన్నట్టు భర్తను అడిగింది. ఆమె పెరిగిన ఇంట్లో రాజంటే తీసుకునేవాడు. ఆమె భటులను పంపలేదు, తోటకు నిప్పు పెట్టలేదు. ఉత్తరాలు వ్రాసింది. ఆహాబు పేర వ్రాసి, ఆహాబు ముద్ర వేసి, నాబోతు ఊరిలోని పెద్దలకు, సామంతులకు పంపింది. ఉపవాసము చాటించండి, నాబోతును జనుల ఎదుట కూర్చోబెట్టండి, ఇద్దరు పనికిమాలిన మనుష్యులను తెచ్చి, వీడు దేవునిని రాజును దూషించాడని సాక్ష్యము చెప్పించండి, బయటికి తీసుకుపోయి రాళ్ళతో కొట్టండి.

ఇద్దరే ఎందుకు? ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ చంపకూడదు, ఇద్దరు ముగ్గురు ఉండాలి అని ధర్మశాస్త్రము. అది ఎక్కడ ఉందో తెలుసా? మనము చదివిన అదే ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయములో, 6వ వచనములో. ఒకే పుటలో పైన సాక్షుల సంగతి, క్రింద రాజుకు హద్దు. రాణిగారు క్రింది భాగము తీసి పారవేసి, పై భాగమును అక్షరాలా పాటించింది! ఉపవాసము జరిగింది, విచారణ జరిగింది, ఇద్దరు సాక్షులు వచ్చారు, తీర్పు అమలైంది. కాగితాలన్నీ సక్రమముగా ఉన్నాయి.

ఈ అధ్యాయము చదివినప్పుడల్లా మనము ఆహాబునూ యెజెబెలునూ తిట్టుకొని ఏలీయా దగ్గరికి వెళ్ళిపోతాము. ఈ దినము 11వ వచనము దగ్గర, 14వ వచనము దగ్గర కాస్త ఆగండి. ఆ ఊరి పెద్దలు ఉత్తరములో ఉన్నది ఉన్నట్టు చేశారు. పని అయిపోయాక నాబోతు చనిపోయాడని కబురు పంపారు. ఎవరికి పంపారు? ఉత్తరము మీద పేరు ఆహాబుది, ముద్ర ఆహాబుది. కబురు వెళ్ళింది యెజెబెలుకు! అంటే వారికి తెలుసు. ఉత్తరము ఎవరు వ్రాశారో తెలుసు, ఎందుకు వ్రాశారో తెలుసు, సాక్షులు ఎటువంటివారో తెలుసు. నాబోతు వారికి పరాయివాడు కాదు. ఒకే ఊరివాడు, పండుగలకు కలిసి కూర్చున్నవాడు. రెండవ రాజులు 9వ అధ్యాయము 26వ వచనములో అతని కుమారుల రక్తము మాట కూడా ఉంది. వారసులు కూడా మిగలకుండా చేశారన్నమాట.

యెజెబెలు షోమ్రోనులో కూర్చుంది. ఆమె చెయ్యి యెజ్రెయేలు దాకా చాలదు. ఊరి పెద్దలు చెయ్యి అందించారు గనుక అందింది. వారిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "అమ్మా, ఈ పని మావల్ల కాదు" అని ఉంటే? ఆ ఒక్కరూ చనిపోయి ఉండేవారేమో. నేను కాదనను. కాని బైబిలులో అటువంటివారు లేకపోలేదు. నోబు యాజకులను చంపమని సౌలు ఆజ్ఞ ఇచ్చినప్పుడు అతని సొంత కావలివారే చెయ్యి ఎత్తలేదు. ఆ పనికి దోయేగు ఒక్కడే ముందుకు వచ్చాడు. ఉజ్జియా రాజు ధూపము వేస్తానని మందిరములో అడుగు పెడితే, అజర్యా అనే యాజకుడు మరి 80 మందితో వెళ్ళి రాజు ఎదుట నిలబడి, ఇది నీ పని కాదు, బయటికి పొమ్మన్నాడు. ఫరోకు భయపడని ఆ ఇద్దరు మంత్రసానుల పేర్లు, షిఫ్రా, పూయా, నిర్గమకాండములో మిగిలి ఉన్నాయి. ఆ ఫరో పేరు మాత్రము ఆ గ్రంథములో ఎక్కడా లేదు.

మన ఊరి సంగతికి వద్దాము. గాజువాకలో ఉన్నవారికి భూమి మాట ఎత్తితే మనసు కదులుతుంది. 1966లో "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అని ప్రాణాలు అర్పించినవారున్నారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీగారు పార్లమెంటులో కర్మాగారము ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. ఆ కర్మాగారము కోసం అరవైకి పైగా ఊళ్ళ భూములు తీసుకున్నారు. 1894 నాటి భూసేకరణ చట్టము క్రింద తీసుకున్నారు. ఆ చట్టములో యజమాని పరిహారము చాలదని కోర్టులో వాదించుకోవచ్చు గాని, సర్కారు నిశ్చయించుకున్న తరువాత నాబోతులాగా "ఇవ్వను" అనే వీలు లేదు. ఇంటికొకరికి ఉపాధి అనే ఆశతో వేల కుటుంబాలు ఆర్ కార్డులు పట్టుకొని నిర్వాసిత కాలనీలకు వచ్చాయి. ఈ మాటలు వింటున్న మీలో కొందరి ఇంట్లో ఆ కార్డు ట్రంకు పెట్టెలో ఇప్పటికీ ఉంది. ఉద్యోగము వచ్చినవారున్నారు, దేవునికి స్తోత్రము. కార్డు పట్టుకొని తిరిగి తిరిగి తల నెరిసినవారు, చూడకుండానే వెళ్ళిపోయినవారు కూడా ఉన్నారు. 2021 జనవరిలో ఆ కర్మాగారములో ప్రభుత్వ వాటా అంతా అమ్మడానికి కేంద్ర మంత్రివర్గము సూత్రప్రాయముగా ఒప్పుకున్నప్పుడు నిర్వాసితులు ఒక ప్రశ్న అడిగారు. దేశము కోసమని మా పొలము తీసుకున్నారు, దానిని అమ్ముకోవడానికి ఇచ్చామా అని.

భూమి తీసుకున్నవారందరూ ఆహాబులే అని నేను చెప్పడము లేదు. ఆ కర్మాగారము ఈ ఊరికి అన్నము పెట్టింది. నలుగురి మేలు కోసం భూమి కావలసి రావచ్చు. దావీదుకు కూడా కావలసి వచ్చింది. అరౌనా కళ్ళము మీద బలిపీఠము కట్టాలి. దేశములో తెగులు, ప్రజలు చనిపోతున్నారు, అంతకంటె అవసరము ఏముంటుంది? అరౌనా ఉచితముగానే ఇస్తానన్నాడు. దావీదు ఊరకనే తీసుకోనని చెప్పి 50 తులముల వెండి లెక్కపెట్టి ఇచ్చాడు. రాబోయే అధిపతికి కూడా దేవుడు యెహెజ్కేలు 46వ అధ్యాయము 18వ వచనములో హద్దు పెట్టాడు: జనుల స్వాస్థ్యము లాగుకోకూడదు, తన బిడ్డలకు ఇచ్చేదేదో తన సొంత ఆస్తిలో నుండే ఇవ్వాలి. మన దేశములో కూడా ఆ పాత చట్టము పోయి, 2013లో చేసిన కొత్త చట్టము 2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చింది. ప్రైవేటు కంపెనీల కోసము తీసుకుంటే నూటికి 80 మంది యజమానులు ఒప్పుకోవాలని అందులో ఉంది. ప్రభుత్వము తన అవసరము కోసము తీసుకుంటే మాత్రము ఆ ఒప్పుదల అక్కరలేదు.

చట్టము ఎంత మంచిదైనా దానిని నడిపేవారు మనలోనివారే. ఇది వింటున్నవారిలో సచివాలయములో పనిచేసేవారున్నారు, సర్వేయర్లున్నారు, రిజిస్ట్రేషను ఆఫీసు బయట దస్తావేజులు వ్రాసేవారున్నారు, రియల్ ఎస్టేటు చేసేవారున్నారు. మిగిలినవారము కనీసము సాక్షి సంతకాలు పెడుతుంటాము. "సంతకమే కదా బ్రదర్, రెండు నిమిషాల పని, బండి మీద దింపేస్తాను" అంటారు. అమ్మేవాడు ఎవరో తెలియదు, ఆ స్థలములో ఏ విధవరాలి వాటా ఉందో తెలియదు. సంతకము పెట్టి టీ త్రాగి వచ్చేస్తాము. ప్రియులారా, యెజ్రెయేలులో కావలసినవి కూడా ఇద్దరి మాటలే.

ఇంకొక మాట, కొంచెము కష్టమైన మాట. మన సంఘాల సంగతి. మిషనరీలు కొని ఇచ్చి వెళ్ళిన స్థలాలు, బీద విశ్వాసులు పిడికెడు బియ్యము ప్రక్కన పెట్టి కొన్న స్థలాలు ఉన్నాయి. వాటి కాగితాల మీద ముద్ర వేసే అధికారము కొద్దిమంది చేతిలో ఉంటుంది. కమిటీ సమావేశములో తీర్మానము ముందే టైపు చేసి తెస్తారు. ప్రార్థనతో మొదలుపెడతారు. చదవకుండానే పుస్తకము చేతులు మారుతుంది. ఉపవాసము చాటించి నాబోతును కూర్చోబెట్టిన ఆ సభ కూడా బయటివారికి భక్తిగానే కనిపించి ఉంటుంది.

"పాస్టరుగారూ, పై అధికారులకు లోబడమని రోమా పత్రిక 13వ అధ్యాయము చెప్పడము లేదా?" అని ఎవరైనా అడగవచ్చు. చెబుతోంది. లోబడాలి, పన్ను కట్టాలి. అదే అధ్యాయములో పౌలు అధికారిని దేవుని పరిచారకుడు అన్నాడు. పరిచారకునికి యజమానుడు ఉంటాడు. ఆ పౌలే ఫిలిప్పీలో, విచారణ లేకుండా కొట్టించి ఇప్పుడు రహస్యముగా పంపివేస్తారా, వారే వచ్చి మమ్మును బయటికి తీసుకుపోవాలి అన్నాడు. యెరూషలేములో కొరడాలతో కొట్టబోయినప్పుడు, రోమా పౌరుడిని విచారణ లేకుండా కొట్టవచ్చా అని శతాధిపతిని అడిగాడు. ఫేస్తు ఎదుట కైసరుకే చెప్పుకుంటానన్నాడు. కేకలు వేయలేదు, రాళ్ళు రువ్వలేదు. నీకున్న హద్దు ఇది అని అధికారికి గుర్తుచేశాడు. లోబడే మనిషి చేయదగిన పనే అది.

ప్రార్థన చేసుకుందాము.

పరలోకమందున్న మా తండ్రీ, మా దేశమును ఏలుచున్నవారి కొరకు, మా కలెక్టరుగారి కొరకు, తహశీల్దారు ఆఫీసులోను రిజిస్ట్రేషను ఆఫీసులోను బల్ల దగ్గర కూర్చునే ప్రతి ఒక్కరి కొరకు నిన్ను వేడుకొంటున్నాము. ఆర్ కార్డు దాచుకొని కనిపెట్టుకొని ఉన్న కుటుంబాలను జ్ఞాపకము చేసుకొనుము. నీ సంఘపు ఆస్తుల మీద కావలి ఉన్న పెద్దలకు నీ భయము దయచేయుము. రేపు ఉదయము ఒక కాగితము మీద సంతకము పెట్టమని పిలుపు అందుకొని, ఏమి చేయాలో తోచక ఈ రాత్రి ఈ మాటలు వింటున్న సహోదరుడు, సహోదరి ఎవరైనా ఉంటే, ప్రభువా, ఆ కాగితము పూర్తిగా చదివే ధైర్యము ఇమ్ము. కాదనవలసి వస్తే నీవు వారి ప్రక్కన నిలబడుము. ఆ ఇంటిలోని చిన్నబిడ్డల ఆహారము తప్పకుండా చూడుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.